నోటి అద్దం మసకబారకుండా ఏది పనిచేస్తుంది: రోడియం అద్దాలు, యాంటీఫాగ్ సీసాలు, గోరువెచ్చని నీళ్లు

పై దవడలో కుడివైపు రెండో మోలార్. రూట్ కెనాల్ కోసం తెరిచాక లోపలి రెండో మీసియోబకల్ కెనాల్ (ముందుభాగంలో బుగ్గ వైపు వేరులోని రెండో సన్నటి కాలువ) వెతకాలంటే 22 మిల్లీమీటర్ల అద్దం ఒక్కటే ఆధారం. పేషెంట్ నోటితో ఒక్కసారి ఊపిరి వదిలితే చాలు, అద్దం మీద తెల్లటి మసక కమ్ముకుంటుంది. చేతిలో ఏరోటర్ (పన్ను తొలిచే యంత్రం) తిరుగుతూనే ఉంటుంది, అది ఎక్కడ తిరుగుతోందో కనపడదు. అద్దం బయటికి తీసి, తుడిచి, మళ్లీ పెట్టి, చూపు కుదుర్చుకునే సరికి ఇంకో ఊపిరి వస్తుంది. అద్దం మసకబారడాన్ని చిన్న చికాకుగా తీసుకోకూడదు. కనపడని చోట బర్ (ఏరోటర్ కొసన తిరిగే తొలిచే మొన) తిప్పితే పోయేది పేషెంట్ పన్ను.

దీనికి మార్కెట్‌లో దొరికేవి చాలానే ఉన్నాయి. 'యాంటీఫాగ్' అని పెట్టె మీద అచ్చేసిన అద్దాలు, చుక్కల సీసాలు, స్ప్రేలు, లైటు ఉన్న అద్దాలు, తిరిగే అద్దాలు వస్తున్నాయి. కోఠిలోని సర్జికల్ షాపుల్లో అడిగినా, ఆన్‌లైన్‌లో చూసినా ముందు చూపించేవి ఇవే. మా తీర్పు మొదటే చెప్పేస్తాం: ఆవిరి పట్టకుండా ఉండటానికి మొదట కావాల్సింది గోరువెచ్చని నీళ్లు, ఆ తర్వాత సరైన చోట సక్షన్ (నోట్లోంచి లాలాజలాన్ని, గాలిని లాగే గొట్టం), ఆ తర్వాతే సీసా. రోడియం అనే లోహపు పూత ఉన్న అద్దం తప్పకుండా కొనాలి, కానీ ఆవిరి కోసం కాదు.

అసలు జరిగేది ఏమిటో తెలిస్తే ఏ వస్తువు ఎందుకు పనిచేస్తుందో, ఎందుకు చేయదో వెంటనే తేలిపోతుంది. బయటికి వచ్చే ఊపిరి సుమారు 34 డిగ్రీల వేడితో, నిండా తేమతో ఉంటుంది. ఏసీ గదిలో పీఎంటీ (ప్రోబ్, మిర్రర్, ట్వీజర్) సెట్టుతో పాటు ట్రేలో ఉన్న అద్దం 22, 23 డిగ్రీల దగ్గర ఉంటుంది. వెచ్చని తేమ చల్లని అద్దానికి తగలగానే నీరై కూర్చుంటుంది. ఆ నీరు పొరలా పరుచుకుంటే ఇబ్బంది లేదు, బొమ్మ బాగానే కనపడుతుంది. కానీ మామూలు అద్దం మీద అది పరుచుకోదు, లక్షల చిన్న చుక్కలుగా ఉబ్బి నిలబడుతుంది. ఒక్కో చుక్కా వెలుగును ఒక్కో వైపు చెదరగొడుతుంది. మనకు తెల్లగా కనపడేది ఆ చెదిరిన వెలుగే. కాబట్టి దారులు మూడే. అద్దాన్ని ఊపిరి కంటే వెచ్చగా ఉంచి నీరు పట్టకుండా చేయడం ఒకటి. పట్టిన నీటిని చుక్క కట్టనివ్వకుండా పొరలా పరుచుకునేలా చేయడం రెండోది. ఊపిరినే అద్దం దాకా రానివ్వకపోవడం మూడోది. అమ్మే ప్రతి వస్తువూ ఈ మూడింటిలో ఏదో ఒకటి చేయాలి. ఏదీ చేయకపోతే పెట్టె మీద ఏం రాసున్నా అది యాంటీఫాగ్ కాదు.

మే నెలలో రామగుండంలో ఏసీ లేని బడిగదిలో డెంటల్ క్యాంపు పెడితే అద్దాలకు ఆవిరి పట్టదు. గదే 40 డిగ్రీల దగ్గర ఉంటే ట్రేలోని అద్దం ఊపిరి కంటే వెచ్చగా ఉంటుంది, నీరు కట్టే అవకాశమే లేదు. అదే అద్దాన్ని హైదరాబాద్‌లో ఏసీ 18లో పెట్టిన క్లినిక్‌కు తెస్తే మొదటి ఊపిరికే మసకబారుతుంది. కాబట్టి పైసా ఖర్చు లేని మొదటి మందు ఏసీ రిమోట్‌లోనే ఉంది. 25లో పెట్టండి. ఏసీ గాలి నేరుగా ఇన్‌స్ట్రుమెంట్ ట్రే మీదికి కొడుతుంటే ఆ రెక్కల్ని పక్కకు తిప్పండి.

ఇక గోరువెచ్చని నీళ్లు. ఇంత మంచి ఫలితం ఇంకే వస్తువూ ఇవ్వదు. చిన్న స్టీలు కప్పులో 40 నుంచి 45 డిగ్రీల నీళ్లు ఉండాలి. థర్మామీటర్ లేకపోతే లెక్క తేలిక: గది నీళ్లు 25 డిగ్రీలుంటే, మరిగే నీళ్లు ఒక వంతుకు గది నీళ్లు మూడు వంతులు కలపాలి, దాదాపు 44 వస్తుంది. ఎండాకాలంలో ట్యాంకు నీళ్లు 30 దాటితే నాలుగు వంతులు కలపాలి. అద్దాన్ని పది సెకన్లు ముంచి, ఒకసారి విదిలించి, మిగిలిన తడిని మెత్తని గుడ్డతో అద్ది నోట్లో పెట్టాలి. అద్దం తలకాయ చిన్నది కాబట్టి త్వరగా వేడెక్కుతుంది, అంతే త్వరగా చల్లారుతుంది. నోట్లోనే ఉంచి పనిచేస్తుంటే నోటి వేడి దాన్ని కాపాడుతుంది. అందుకే తీసి ట్రేలో పెట్టి, మళ్లీ తీసి, మళ్లీ పెట్టే అలవాటు ఉన్నవాళ్లకే ఆవిరి బాధ ఎక్కువ. నీళ్లు 50 దాటనివ్వకూడదు. పేషెంట్ నాలుకకు, బుగ్గకు తగిలేది లోహం.

ఈ పద్ధతిలో చాలామంది చేసే తప్పొకటి ఉంది. ఉదయం నింపిన కప్పునే సాయంత్రం దాకా వాడటం. స్టెరైల్ అద్దాన్ని ఆ నీళ్లలో ముంచితే పొద్దున్నుంచీ వచ్చిన అందరి లాలాజలంలో ముంచినట్టే. కప్పు పేషెంట్ మారినప్పుడల్లా మారాలి, ఆటోక్లేవ్‌కు (వేడి ఆవిరితో క్రిములను చంపే యంత్రం) వెళ్లాలి. నీళ్లు కాచి చల్లార్చినవో స్టెరైల్ వాటరో కావాలి. మంచి ఫ్లాస్కులో వెచ్చని నీళ్లు ఉంచుకుని, ఒక్కో పేషెంట్‌కు 50 మిల్లీలీటర్లు కప్పులోకి ఒంపుకుంటే పని సులువు. ల్యాప్రోస్కోపీ చేసే సర్జన్లు కెమెరా కొనను వేడి సెలైన్‌లో ముంచేది కూడా ఈ కారణంతోనే. అక్కడ పనికొచ్చేది ఇక్కడా పనికొస్తుంది.

నీళ్లు అందుబాటులో లేనప్పుడు బుగ్గ ఉంది. అద్దాన్ని పేషెంట్ బుగ్గ లోపలి తడి మీద మూడు నాలుగు సెకన్లు మెల్లగా రుద్దితే ఒకేసారి రెండు పనులు జరుగుతాయి: అద్దం వెచ్చబడుతుంది, లాలాజలంలోని జిగురు ప్రోటీన్లు పల్చటి పొర కడతాయి. నీరు దాని మీద చుక్క కట్టలేదు. మామూలు చెకప్‌కు ఇంతకంటే ఏమీ అక్కర్లేదు. బీడీఎస్ మూడో ఏడు క్లినిక్ పోస్టింగులో అడుగుపెట్టే విద్యార్థి ముందు నేర్చుకోవాల్సింది ఇదే. చిగుళ్ల నుంచి రక్తం వస్తున్నప్పుడు, నోరు పొడారిపోయిన పేషెంట్ దగ్గర మాత్రం ఇది కుదరదు. రక్తపు పొర ఆవిరి కంటే చెడ్డది, పొడి బుగ్గ దగ్గర పొర కట్టడానికి తడే ఉండదు.

సీసాల సంగతి. డెంటల్ అద్దాల కోసం అమ్మే యాంటీఫాగ్ ద్రావణాల్లో దాదాపు అన్నింటిలో ముఖ్యమైన సరుకు ఒకటే: నీటి తలతన్యతను తగ్గించే సర్ఫాక్టెంట్, అంటే సబ్బు జాతి పదార్థం. దానికి తోడు కొన్నింటిలో గ్లిజరిన్, కొన్నింటిలో ఆల్కహాల్, రుచికి పుదీనా ఉంటాయి. ఇవి నిజంగా పనిచేస్తాయి. ఎంతసేపు పనిచేస్తాయన్నదే అసలు ప్రశ్న. నీళ్లు చల్లకుండా చూసే ఓపీ చెకప్‌లో ఒక్క చుక్క ఒక పేషెంట్‌కు సరిపోతుంది. ఏరోటరో స్కేలరో (పళ్ల గార తీసే యంత్రం) మొదలయ్యాక చల్లబరిచే కూలెంట్ నీళ్లు నిమిషానికి 50 మిల్లీలీటర్ల లెక్కన అద్దం మీదికి కొడుతుంటే ఆ పొర కొద్ది నిమిషాల్లో కొట్టుకుపోతుంది. క్రౌన్ ప్రిపరేషన్ (తొడుగు కోసం పన్నును అరగదీయడం) అంతా ఒక్క చుక్కతో నడుస్తుందని ఏ సీసా మీదైనా రాసి ఉంటే నమ్మకండి.

రాసే తీరులోనే సగం ఫలితం ఉంది. అద్దం పూర్తిగా పొడిగా ఉండాలి. ఒక చుక్క నడిమధ్య వేసి, గ్లవ్ వేసిన వేలితో అంచు దాకా పరచాలి. పదిహేను సెకన్లు ఆగి, ఎక్కువైనది మెత్తని గుడ్డతో అద్దాలి కానీ తుడిచేయకూడదు. సరిగ్గా కుదిరితే అద్దం మీద ఏమీ రాయనట్టే ఉంటుంది. లైటు కింద పక్కగా వంచి చూస్తే సన్నటి ఇంద్రధనుస్సు రంగు ఒకటి జారుతూ కనపడుతుంది, అంతే. పాలు కలిపినట్టు తెల్లగా ఉన్నా, బొమ్మ అలలు అలలుగా ఊగినా మందు ఎక్కువైనట్టు. పౌడర్ ఉన్న గ్లవ్‌తో పరిస్తే ఆ పిండి రేణువులే కొత్త చుక్కలకు మొలకలవుతాయి, పౌడర్ లేని గ్లవ్ వాడాలి.

కొనేటప్పుడు చుక్కలుగానో జెల్‌గానో వచ్చేదే తీసుకోండి. స్ప్రే సగం ట్రే మీద పడుతుంది, ఎలాగూ వేలితో పరచాల్సిందే. లేబుల్ మీద నోటి అద్దాలకు వాడవచ్చని స్పష్టంగా ఉండాలి. ఈత కళ్లద్దాలకు, హెల్మెట్ వైజర్‌కు అమ్మే స్ప్రేలు చవకగా దొరుకుతాయి, అవి నోట్లో పెట్టడానికి తయారైనవి కావు. సర్ఫాక్టెంట్ అదే జాతిది కావచ్చు, దానితో కలిపిన ద్రావకాలు, సువాసనలు వేరు. అంట్లు తోమే లిక్విడ్ గురించి కూడా అదే మాట. ఆవిరిని ఆపుతుంది, నిజమే. కానీ పేషెంట్ నాలుక మీద ఆ రుచి, ఆ సువాసన పెట్టాల్సిన అవసరం ఏముంది?

సీసాతో వచ్చే పెద్ద ప్రమాదం మందు వల్ల కాదు, ముంచే అలవాటు వల్ల. నోట్లోంచి తీసిన అద్దాన్ని మళ్లీ సీసాలోనో స్పాంజి మీదనో ముంచితే ఆ సీసా అప్పటినుంచి అందరి నోళ్లనూ కలిపే వంతెన. డ్యాపెన్ డిష్‌లో (చిన్న గిన్నె) ఐదారు చుక్కలు వేసుకోండి, ఆ పేషెంట్‌కు అదే వాడండి, మిగిలింది పారబోయండి. అలాగే మందు రాసిన అద్దాన్ని కడగకుండా ఆటోక్లేవ్‌లో పెట్టకూడదు. 121 డిగ్రీల దగ్గర ఆ పొర ఎండి మరక కడుతుంది, తర్వాత ఎంత తుడిచినా పోదు. మందు ఎప్పుడూ స్టెరిలైజ్ చేసిన తర్వాతే, కుర్చీ పక్కనే.

చాలా క్లినిక్కుల్లో యాంటీఫాగ్ సీసా ఉండదు, మౌత్‌వాష్ ఉంటుంది. ఐసీపీఏ కంపెనీ హెక్సిడిన్‌లాంటి 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్‌లో (క్రిములను చంపే మందు) అద్దం ముంచి వాడటం మన దగ్గర బాగా పాతుకున్న అలవాటు. ఓ మోస్తరుగా పనిచేస్తుంది. క్లోర్‌హెక్సిడిన్‌కూ కొంత తడిపే గుణం ఉంది, పేషెంట్ నోటికి ఎలాగూ పనికొచ్చేదే. లోపం రెండు చోట్ల ఉంది. ఎండితే జిగటగా మరక కడుతుంది. పైగా క్లోర్‌హెక్సిడిన్ ధనావేశం ఉన్న అణువు, టూత్‌పేస్టుల్లో నురగ కోసం వాడే సోడియం లారిల్ సల్ఫేట్ ఋణావేశం ఉన్నది. రెండూ కలిస్తే ఒకదాన్నొకటి పట్టుకుని సరిగా కరగని పదార్థం ఏర్పడుతుంది. సబ్బు ద్రావణం రాసిన అద్దాన్నే మౌత్‌వాష్‌లో ముంచితే అటు ఆవిరీ ఆగదు, ఇటు క్లోర్‌హెక్సిడిన్ శక్తీ మిగలదు. ఏదో ఒకటే వాడండి.

స్పిరిట్ గురించి గట్టిగా చెప్పాలి. మసకబారిన అద్దాన్ని స్పిరిట్ దూదితో తుడవడం ఎన్నో చోట్ల చేసే పని. తుడిచిన క్షణం మెరుస్తుంది, అందుకే నమ్మకం కుదురుతుంది. కానీ స్పిరిట్ ఆవిరయ్యేటప్పుడు అద్దం వేడిని లాక్కుపోతుంది. అద్దం ఇంకా చల్లబడి, వచ్చే ఊపిరికి మునుపటి కంటే తొందరగా మసకబారుతుంది. అంతకుముందు బుగ్గకు రుద్దడం వల్ల ఏర్పడిన మంచి పొర కూడా దానితో పోతుంది. ఆవిరికి స్పిరిట్ వాడకండి.

ఇప్పుడు అద్దాలు. సాదా అద్దంలో వెండి పూత గాజు వెనక ఉంటుంది. వెలుగు గాజు దాటి, వెండికి తగిలి, మళ్లీ గాజు దాటి వస్తుంది. దారిలో గాజు ముందు తలం మీద 4 శాతం వెలుగు విడిగా తిరిగి వచ్చేస్తుంది. అందుకే అద్దం దగ్గర ప్రోబ్ (పన్నును పరీక్షించే సన్నటి మొన పరికరం) పెట్టి చూస్తే అసలు ప్రోబ్ పక్కన సన్నటి నీడలాంటి రెండో ప్రోబ్ కనపడుతుంది. 2.5 రెట్ల లూప్స్ (కళ్లజోడుకు అమర్చే భూతద్దాలు) పెట్టుకుంటే ఈ జంట బొమ్మ బాగా ఇబ్బంది పెడుతుంది. ఫ్రంట్ సర్ఫేస్ అద్దంలో పూత గాజు ముందే ఉంటుంది, బొమ్మ ఒక్కటే. ఆ పూత సాధారణంగా రోడియం. ఇది గట్టి లోహం, నల్లబడదు, ఆటోక్లేవ్‌ను తట్టుకుంటుంది. ఒక్క నిజం మాత్రం అమ్మేవాళ్లు చెప్పరు: రోడియం వెండి కంటే తక్కువ వెలుగునే తిప్పి పంపుతుంది, సుమారు నాలుగింట మూడు వంతులు. స్పష్టత ఎక్కువ, వెలుగు కాస్త తక్కువ. అమెరికాలోని జర్క్ కంపెనీ క్రిస్టల్ హెచ్‌డీ లాంటి అద్దాలు పలు పొరల పూతతో ఆ వెలుగు లోటును పూరిస్తాయి, మైక్రోస్కోప్ కింద పనిచేసేవాళ్లకు ఆ తేడా డబ్బుకు తగ్గదే. మన దేశంలో జీడీసీ, ఏపీఐ లాంటి కంపెనీల అద్దాలు సులువుగా దొరుకుతాయి. సైజు 4 అంటే 22 మిల్లీమీటర్లు, సైజు 5 అంటే 24. పిల్లలకు, చివరి మోలార్లకు 4 చాలు.

ఆవిరి విషయానికొస్తే రోడియం అద్దమూ సాదా అద్దంలాగే మసకబారుతుంది. చల్లని తలం ఏదైనా నీరు పట్టాల్సిందే. టైటానియం ఆక్సైడ్ పూత ఉంది కాబట్టి ఆవిరి పట్టదని చెప్పి అమ్మితే ఇది గుర్తుంచుకోండి: అతినీలలోహిత కాంతి పడినప్పుడు ఆ పదార్థం మీద నీరు పొరలా పరుచుకుంటుందని 1997లో జపాన్ పరిశోధకులు చూపించారు, కార్ల పక్క అద్దాలకు ఆ గుణాన్ని వాడతారు. కానీ స్టెరిలైజేషన్ పౌచ్‌లో, డ్రాయర్ చీకట్లో గడిపే నోటి అద్దానికి ఆ కాంతి ఎక్కడిది?

కొన్న అద్దాన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. గ్లాసులో 40 డిగ్రీల నీళ్లు పోసి, గది వేడిలో ఉన్న అద్దాన్ని నీటికి రెండంగుళాల పైన పట్టుకోండి. ఏ మందూ రాయని పాత అద్దాన్ని పక్కనే పట్టుకుంటే తేడా ఉందో లేదో ఒక నిమిషంలో తెలుస్తుంది.

తుడిచినా పోని మసక ఆవిరి కాదు. అది అద్దం పాడైన గుర్తు. సాదా అద్దంలో అంచు సీలు దగ్గర ఆటోక్లేవ్ ఆవిరి లోపలికి దూరి వెండిని తింటుంది, అంచు నుంచి గోధుమరంగు మచ్చలు నడిమికి పాకుతాయి. ఆ తలకాయ మార్చేయడమే. రోడియం అద్దం పాడయ్యేది గీతల వల్ల. పొడి గాజ్‌తో గట్టిగా తుడవడం, అల్ట్రాసోనిక్ క్లీనర్‌లో స్కేలర్లతో కలిపి వేయడం, టూత్‌పేస్టుతో తోమడం, ఈ మూడూ దాన్ని చంపేస్తాయి. బోరు నీళ్లతో కడిగి అలాగే ఆటోక్లేవ్‌లో పెడితే సున్నపు చుక్కలు కూర్చుంటాయి. ఆఖరి కడుగు, ఆటోక్లేవ్ నీళ్లు రెండూ డిస్టిల్డ్ వాటర్ కావాలి. మందు ఎంత బాగా రాసినా మధ్యలో చుక్కలు చుక్కలుగా విడిపోతుంటే ఏరోటర్ నూనెను అనుమానించండి. ఏరోటర్‌కు నూనె వేశాక బయటే 20, 30 సెకన్లు తిప్పకపోతే మొదటి స్ప్రేతోనే ఆ నూనె అద్దం మీద పడుతుంది. నూనె మీద ఏ సర్ఫాక్టెంట్ పొరా సరిగా నిలవదు.

లైటు ఉన్న అద్దాలు, నీళ్లు విసిరికొట్టేలా గిరగిరా తిరిగే ఎవర్‌క్లియర్ లాంటివి వేరే అవసరానికి. తిరిగే అద్దం కూలెంట్ నీళ్లకు మంచి జవాబు, రోజూ క్రౌన్లు చేసేవాళ్లు ఆలోచించవచ్చు. ఇంటి వాడకానికి ఆన్‌లైన్‌లో వచ్చే బ్యాటరీ లైటు అద్దాలు ఆటోక్లేవ్‌కు తట్టుకోవు కాబట్టి క్లినిక్‌కు వద్దు.

మూడో దారి, ఊపిరిని పక్కకు మళ్లించడం. సక్షన్ టిప్పును పన్ను పక్కన కాకుండా అద్దం వెనక, గొంతు వైపు పట్టుకోమని అసిస్టెంట్‌కు చెప్పండి. గొంతు నుంచి వచ్చే గాలిని అది అద్దం దాకా రాకముందే లాగేస్తుంది. "అమ్మా, నోరు తెరిచే ఉంచి ముక్కుతో ఊపిరి తీసుకోండి" అని మొదలుపెట్టే ముందే చెప్తే చాలామంది చేయగలరు. జలుబు ఉన్నవాళ్లు, ముక్కు వెనక అడినాయిడ్స్ గ్రంథులు పెరిగిన పిల్లలు చేయలేరు, వాళ్లను పదేపదే అడిగి ఇబ్బంది పెట్టకూడదు. త్రీవే సిరంజి (నీళ్లు, గాలి చిమ్మే పరికరం) గాలిని అద్దం మీదుగా ఏటవాలుగా, సన్నగా వదిలితే ఆవిరి నిలవదు. కానీ డెంటిన్ (ఎనామెల్ కింది సున్నితమైన పొర) బయటపడిన పంటి మీదికి ఆ గాలి వెళ్తే పేషెంట్ ఎగిరిపడతారు. పన్ను తీసిన గుంట దగ్గర, చిగురు తెరిచిన సర్జరీలో ఆ గాలి అసలు వాడకూడదు, కణజాలం లోపలికి గాలి దూరి ముఖం ఉబ్బే ప్రమాదం ఉంది. రూట్ కెనాల్‌కు రబ్బర్ డ్యామ్ (పన్ను మాత్రమే బయటికి వచ్చేలా నోటికి అడ్డం కట్టే రబ్బరు షీటు) వేస్తే నోటి ఊపిరి దాదాపు ఆగిపోతుంది. పై ముందు పళ్ల దగ్గర మాత్రం ముక్కు గాలి తగులుతుంది, డ్యామ్ పై అంచును ముక్కుకు అడ్డం రాకుండా కిందికి మడవాలి.

క్లినికల్ ఫొటోలకు వాడే పెద్ద ఆక్లూసల్ (పళ్ల నమిలే వైపును చూపే) అద్దాలకు ఇదంతా రెట్టింపు అవసరం. వాటి మీద మందు రాస్తే ఫొటోలో ఆ పొర అలలుగా పట్టుబడుతుంది, వాటికి వేడి ఒక్కటే సరైనది. పాలసీసా వార్మర్‌ను 40 డిగ్రీల దగ్గర ఉంచి, స్టెరిలైజ్ చేసిన అద్దాన్ని శుభ్రమైన నీళ్లలో ఒక నిమిషం ఉంచాలి. మైక్రోఫైబర్‌తో అద్ది, నోట్లో పెట్టి, పేషెంట్‌ను ఊపిరి బిగబట్టమని చెప్పి వెంటనే క్లిక్ కొట్టాలి. కెమెరా ఫోకస్, ఫ్లాష్, చీక్ రిట్రాక్టర్లు (బుగ్గలను పక్కకు లాగి పట్టేవి) అన్నీ అద్దం నీళ్లలో ఉండగానే సిద్ధం చేసుకోవాలి. అద్దం నోట్లో పెట్టాక ఫోకస్ కోసం వెతికితే ఆ ఫొటో మసకగానే వస్తుంది.